ఆరు మూలల సాకెట్టు: ఇంట బండి గలవారికి ఒక పాఠము

మన కొట్పాడ్ రహదారి మీది ఊరు. జగదల్పూరు నుండి వచ్చు 63వ జాతీయ రహదారి మన యూరి మీదుగా సాగి బొరిగుమ్మ వద్ద 26వ రహదారితో కలియుచున్నది. అటుపై జయపురము, కోరాపుట్, సాలూరు మీదుగా విజయనగరము వైపు పోవు ఘాటు దారి. చుట్టముల యిండ్లకును, వైద్యమునకును, వ్యాపారమునకును మన తెలుగు కుటుంబములు తరచుగా పోవునది ఈ దారినే. నేడు మన విద్యార్థుల యిండ్లలో అనేకముల ముంగిట ఒక కారో, వ్యానో, పాత జీపో నిలిచియుండుట చూచుచున్నాము. పిల్లలలో కొందరు బడికి వచ్చునదియు ఆ బండ్లలోనే.

బండి యున్నచోట మరమ్మతు తప్పదు. ప్రతి చిన్న పనికిని జయపురము పోవలసిన యక్కర లేకుండ, గాలివడపోతను మార్చుట, గేరుపెట్టెలో నూనె పోయుట, ఊడిన తొడుగులను బిగించుట మొదలగు పనులను ఇంటివద్దనే చేసికొను తలిదండ్రుల సంఖ్య పెరుగుచున్నది. ఇది మెచ్చదగిన విషయమే. అయితే పనిముట్టు తెలిసిన పిదపనే పని. ఈ సంచికలో మేము ఒకే యొక పనిముట్టును గూర్చి వ్రాయదలచితిమి. అది ఆరు మూలల బిట్టు గల సాకెట్టు. పనివారు దీనిని అలెన్ సాకెట్టు అందురు.

అన్ని పనిముట్లుండగా దీనినే యేల యెన్నుకొంటిమని అడుగవచ్చును. కారణ మిది. మామూలు బోల్టు తల అరిగిపోయినను, దానిని వెలుపలినుండి మరియొక పనిముట్టుతో పట్టుకొనుటకు కొంత చోటు మిగిలియుండును. ఆరు మూలల గుంట గల బోల్టున కట్టి అవకాశము తక్కువ. దాని పట్టంతయు లోపలనే యున్నది. గుంట గుండ్రమైపోయినచో పట్టుకొనుటకు మూల యుండదు. ఆ బోల్టు బ్రేకు భాగములోనిదైనచో బండి కదలరాదు, పని సాగదు. ఒక్క నిమిషపు తొందర వలన బండి రెండు మూడు దినములు ఇంటిముందే నిలిచిపోవును. కావున దీని యెన్నికలో చూపవలసిన శ్రద్ధ ఇతర పనిముట్ల యెన్నికలో చూపు శ్రద్ధకన్న ఎక్కువ.

పనిముట్టు స్వరూపము

ఎల్ అక్షరము వలె వంగిన అలెన్ కీని మన పిల్లలు సైకిలు దుకాణములో చూచియే యుందురు. ఆ కీ కొనను చిన్న ముక్కగా కోసి, ఒక ఉక్కు సాకెట్టులో బిగించినచో అదియే మనము చెప్పుకొను బిట్టు సాకెట్టు. దాని యొక వైపున ఆరు పలకల బిట్టు, రెండవ వైపున చతురస్రపు రంధ్రము ఉండును. ఆ రంధ్రములో రాచెట్టు పిడిని గాని, బిగింపు బలమును కొలుచు టార్కు రెంచిని గాని తగిలించి త్రిప్పుదురు. వంగిన కీతో పోల్చినచో దీనికి రెండు లాభములు. పిడి పొడవును మన యవసరమును బట్టి మార్చుకొనవచ్చును. బిగింపును లెక్కప్రకారము చేయవచ్చును.

దీని పుట్టుక కూడ తెలిసికొనదగినది. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళ కర్మాగారములలో తిరుగుచుండు ఇరుసులమీద చక్రములను నిలుపుటకు వాడిన మరల తలలు పైకి పొడుచుకొని యుండెడివి. ఇరుసు తిరుగునపుడు అవి పనివాని చొక్కాను పట్టి లాగెడివి. చేతులు విరిగినవారును, ప్రాణములు కోల్పోయినవారును కలరు. తల పైకి రాకుండ లోపలనే గుంట చేసిన మర వలన ఆ యపాయము తప్పినది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమునకు చెందిన విలియం జి. అలెన్ అట్టి గుంటలను అచ్చు పద్ధతిలో చేయు విధానమునకు 1910లో పేటెంటు పొందెను. ఆయన కంపెనీ పేరే నేటికిని పనిముట్టునకు నిలిచినది. పనివాని ప్రాణరక్షణకై వ్యాపించిన మర ఇది. అట్టి దానిని మోటుగా వాడి మన ప్రాణములకే అపాయము తెచ్చుకొనరాదు.

మూలలలోని లెక్క

మా తరగతులలో బోధించు క్షేత్రగణితము ఇచ్చట అక్కరకు వచ్చుచున్నది. ఆరు భుజములు సమానమైన షడ్భుజిలో కేంద్రమునుండి మూలకు గల దూరము భుజము పొడవుతో సమానము. సాకెట్టు పరిమాణమును ఎదురెదురు పలకల నడుమ దూరముతో చెప్పుదురు. 6 మిల్లీమీటర్ల బిట్టు అనగా పలకనుండి పలకకు 6 మి.మీ. మూలనుండి మూలకు కొలిచినచో అది 6.93 మి.మీ. ఉండును. కేంద్రమునుండి మూలకు అందులో సగము, అనగా సుమారు 3.46 మి.మీ.

ఇపుడు బలము లెక్క చూతము. పదునైదు సెంటీమీటర్ల పిడిని ఇరువది కిలోల బలముతో లాగినచో ఇంచుమించు 30 న్యూటన్ మీటర్ల త్రిప్పుబలము వచ్చును. కారులోని చాల చిన్న బోల్టులకు ఇది చాలినంత. ఈ బలమంతయు బిట్టు యొక్క ఆరు మూలల మీద సమముగా పడినదనుకొన్నను, ఒక్కొక్క మూలకు సుమారు 147 కిలోల బరువంత ఒత్తిడి వచ్చును. బిట్టు వదులై రెండు మూలలే తగిలినచో ఒక్కొక్క దానిమీద 440 కిలోలు. ఇది స్థూలమైన లెక్కయే. అయినను సంగతి తెలియుటకు చాలును. వ్రేలెడంత ఇనుప మూలకు ఇంత బరువు మోపునపుడు, అన్ని మూలలును కలిసి మోయుట ఎంత యవసరమో గ్రహింపవచ్చును.

దీనినిబట్టి తేలు సూత్ర మొక్కటే: బిట్టు గుంటలో సరిగా కూర్చుండవలెను. ఇక ముందు చెప్పబోవు జాగ్రత్తలన్నియు ఈ సూత్రమునకు వివరణలే.

అంగుళము, మిల్లీమీటరు

మన ప్రాంతములో ఈ విషయమున పొరపాటు జరుగుటకు ప్రత్యేక కారణము కలదు. కొండదారులకు తగినదని ఈ ప్రాంతమువారు మొదటినుండి జీపును ఆదరించిరి. విల్లీస్ నమూనా పాత జీపులును, 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారును అంగుళపు కొలతల బోల్టులతో నిర్మింపబడినవి. 1983లో వచ్చిన మారుతి 800 మొదలు నేటి కార్లన్నియు సామాన్యముగా మిల్లీమీటరు కొలతలవి. 1956 నాటి తూనికలు, కొలతల చట్టముతో దేశములో మెట్రిక్ పద్ధతి వచ్చినను, తాతగారి పనిముట్ల పెట్టె మాత్రము అంగుళములలోనే మిగిలిపోయినది. ఆ పెట్టెను తీసి నేటి కారు మీద ప్రయోగించుట మన యిండ్లలో జరుగుచున్న పనియే.

ఈ క్రింది పోలికను పిల్లలచేత వ్రాయించి పెట్టె మూతకు అంటింప మనవి.

5/32 అంగుళము = 3.97 మి.మీ.; 4 మి.మీ. గుంటలో దాదాపు సరిపోవును.
3/16 అంగుళము = 4.76 మి.మీ.; 5 మి.మీ. గుంటలో వదులు. వాడరాదు.
7/32 అంగుళము = 5.56 మి.మీ.; 6 మి.మీ. గుంటలో మిక్కిలి వదులు. వాడరాదు.
1/4 అంగుళము = 6.35 మి.మీ.; 6 మి.మీ. గుంటలో పట్టదు, 7 మి.మీ. గుంటలో వదులు. వాడరాదు.
5/16 అంగుళము = 7.94 మి.మీ.; 8 మి.మీ. గుంటలో దాదాపు సరిపోవును.
3/8 అంగుళము = 9.53 మి.మీ.; 10 మి.మీ. గుంటలో వదులు. వాడరాదు.

మొదటిదియు, అయిదవదియు అక్కరకు వచ్చుట చూచి, మిగిలినవియు వచ్చునని కొందరు భ్రమపడుదురు. లోపలికి దిగినది కదా యని త్రిప్పుదురు. లోపలికి దిగుట వేరు, కూర్చుండుట వేరు. 3/16 బిట్టునకును 5 మి.మీ. గుంటకును నడుమ గల సందు మిల్లీమీటరులో నాలుగవ వంతు కూడ లేదు. కాని ఆ సందే మూలలను తినివేయును. పాత జీపు గలవారు అంగుళపు బిట్టులను వేరొక పెట్టెలో నుంచుకొనవలెను. రెంటిని కలిపియుంచుట తగదు.

పోలికచే మోసపుచ్చు గుంటలు

నేటి కార్లలో ఆరు మూలల గుంటను పోలిన గుంటలు మరి రెండు కలవు. మొదటిది ఆరు రేకుల పూవు వలె నుండునది. దీనిని టార్క్స్ అందురు. 1967లో అమెరికాలో పుట్టినది. టి అను అక్షరము ప్రక్కన 25, 30, 40 మొదలగు సంఖ్యలతో దీని పరిమాణమును తెలుపుదురు. ఆ సంఖ్య మిల్లీమీటర్లు కాదు. రెండవది పండ్రెండు కోణములు గలది. జర్మను కార్లలో ఎక్కువగా కనిపించును.

బండి క్రింద పరుండి, మట్టి కప్పిన గుంటను చేతిదీపముతో చూచునపుడు ఈ మూడును ఒకే తీరుగ నుండును. మన యెఱ్ఱమట్టి వానకాలమున గుంటలో పేరుకొని, ఎండకాలమున ఇటుక వలె గట్టిపడును. కావున మొదట గుంటను సన్నని మేకుతో గీకి, పాత పండ్లపొడి బ్రష్షుతో తుడిచి, పిదపనే దాని యాకారమును నిర్ణయింపవలెను. పలకలు తిన్ననివి, మూలలు ఆరు అయినచో అది మనదే. పలకల స్థానమున గుండ్రని రేకులున్నచో అది టార్క్స్. పూవు గుంటలో ఆరు పలకల బిట్టును గ్రుచ్చి త్రిప్పినచో పూవును, బిట్టును రెండును చెడును.

కొనుటకు ముందు: మన బండి పట్టిక

దుకాణమునకు పోవుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. ఒక ఆదివారము ఉదయము తండ్రియు, బిడ్డయు కూడి తమ బండిలో ఆరు మూలల గుంటలు ఎచ్చటెచ్చట నున్నవో వెదకి, ఒక కాగితముపై వ్రాసికొనవలెను. బండితో వచ్చిన పుస్తకమును దగ్గర నుంచుకొనవలెను. కొన్ని బండ్లలో పదికి మించి కానరావచ్చును. కొన్నింటిలో రెండో, మూడో మాత్రమే యుండవచ్చును.

సామాన్యముగా మరకాండము మందమునకును, గుంట పరిమాణమునకును ఒక నియమము కలదు. స్తంభాకారపు తల గల మరలలో, 5 మి.మీ. కాండమునకు 4 మి.మీ. గుంట, 6 కి 5, 8 కి 6, 10 కి 8, 12 కి 10. అయితే తల గుండీ వలె గుండ్రమైనచో గుంట చిన్నది. అపుడు 6 మి.మీ. కాండమునకు 4, 8 కి 5, 10 కి 6 మాత్రమే. కావున కాండమును చూచి ఊహింపక గుంటనే కొలువవలెను.

కార్లలో తరచుగా కనిపించునవి 5, 6, 8 మి.మీ. గుంటలు. వోక్స్‌వేగన్, ఫోర్డు కంపెనీల అనేక నమూనాలలో ముందు బ్రేకు కాలిపరును నిలుపు గైడు పిన్నులకు 7 మి.మీ. గుంట యుండును. సామాన్యపు అలెన్ కీల గుత్తిలో 7 అంకె తరచుగా ఉండదు. పలువురు 6ను గ్రుచ్చి గుంటను చెరుపునది ఇచ్చటనే. గేరుపెట్టె నూనె మూతలకు కొన్ని బండ్లలో 10, మరి కొన్నింటిలో 14 లేక 17 మి.మీ. గుంటలు కలవు. మోటారు సైకిలు గలవారికి 5, 6 మిక్కిలి అవసరము. డిస్కు బ్రేకు ప్యాడులను పట్టియుంచు సీలకు అనేక మోటారు సైకిళ్ళలో 5 మి.మీ. గుంటయే యుండును.

పట్టిక పూర్తియైన పిదప చూచినచో చాల కుటుంబములకు కావలసినవి నాలుగైదు బిట్టులే యని తేలును. నలువది ముక్కల పెట్టె చూపునకు నిండుగా నుండును. కాని అందులో ముప్పదియైదు ముక్కలు ఎన్నడును వెలుగు చూడవు. ఆ ధనముతోనే నాలుగు మంచి ముక్కలను కొనుట గృహస్థునకు లాభము.

దుకాణములో చూడవలసినవి

మొదటిది ఉక్కు. సాకెట్టు భాగమునకు క్రోమ్ వెనేడియం ఉక్కు వాడుదురు. బిట్టు భాగము ఇంకను గట్టిదై యుండవలెను. మంచి బిట్టులపై ఎస్-2 అను గుర్తు కనబడును. ఇది దెబ్బను, మెలిని ఓర్చుకొనునట్టి పనిముట్ల ఉక్కు. గుర్తు మాత్రమే చూచి నమ్మరాదు. బిట్టు కొనను వెలుగులో నుంచి చూడవలెను. ఆరు మూలలును ఒకే తీరుగ పదునుగ నుండి, పలకలు తిన్నగ నున్నచో మేలు. మూలలపై మెరుగుపూత గడ్డకట్టియున్నను, కొన ఎక్కువగా ఏటవాలుగా చెక్కబడియున్నను విడిచిపెట్టవలెను. కొన వాలుగ నున్నంత మేర బిట్టు గుంటలో పట్టు ఈయదు.

రెండవది కొలత. చిన్న వర్నియరు కొలబద్దను, పట్టికలోని పరిమాణము గల ఒక పాత మరను వెంట తీసికొని పోవలెను. బిట్టును మర గుంటలో నుంచి, రెండు వ్రేళ్ళతో అటునిటు త్రిప్పి చూడవలెను. కొంచెము కదలుట సహజము. బిట్టు గుంటకన్న వెండ్రుకవాసి చిన్నదిగా చేయబడకున్నచో అది లోపలికే దిగదు. కంటికి స్పష్టముగ కనబడునంత ఊగులాడినచో మాత్రము అది మనకు పనికిరాదు. దుకాణదారునకు విసుగు కలిగినను ఈ పరీక్షను మానరాదు. కొట్పాడ్ వస్త్రమును కొనువారు రంగును, నేతను పరిశీలించి గాని కొనరు కదా! 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేతకు అట్టి కొనుగోలుదారులే గౌరవము తెచ్చిరి. ఉక్కునకును అదే పరీక్ష తగును.

మూడవది కూర్పు. కొన్ని సాకెట్లలో బిట్టును నొక్కి బిగింతురు. కొన్నింటిలో ప్రక్కనుండి చిన్న సీల వేయుదురు. అరుదుగా మొత్తము ఒకే ముక్కగా చేయుదురు. సీల గలవానిలో బిట్టు విరిగినచో మార్చుకొను వీలుండును. ఏ విధమైనను, చేతితో లాగినపుడు బిట్టు కదలరాదు, వంకరగా కూర్చుండరాదు.

నాల్గవది చతురస్రపు రంధ్రము. అది మూడు పరిమాణములలో దొరకును: పావు అంగుళము, అనగా 6.35 మి.మీ.; 3/8 అంగుళము, అనగా సుమారు 9.5 మి.మీ.; అర అంగుళము, అనగా 12.7 మి.మీ. బిట్టు మిల్లీమీటరుదైనను ఈ రంధ్రము అంగుళముదే. ఇది చూచి తికమకపడ నవసరము లేదు. ఇంట నున్న రాచెట్టు పిడికి సరిపోవు రంధ్రమునే కొనవలెను. క్రొత్తగా కొనువారికి 4 మొదలు 10 మి.మీ. బిట్టులకు 3/8 రంధ్రము అనుకూలము. 14, 17 వంటి పెద్ద బిట్టులకు అర అంగుళము కావలెను. చిన్న బిట్టునకు పెద్ద పిడి తగిలించుట అపాయము. చేతికి తెలియకుండగనే బలము మించిపోవును.

అయిదవది పొడవు. లోతున నున్న మరకు పొడవు బిట్టు కావలెను. ఇరుకుచోట పొట్టి బిట్టు కావలెను. పొడవు బిట్టు త్రిప్పునపుడు కొంత మెలితిరిగి, బలమును ఆలస్యముగ అందించును. కావున రెండును పనిచేయుచోట పొట్టిదే మేలు.

ఆరవది కొన యాకారము. కొన్ని బిట్టుల కొన బంతి వలె గుండ్రముగ నుండును. తిన్నగా అందని మరను కొంత వాలుగ నుంచి త్రిప్పుటకు అది యుపకరించును. కాని బంతి క్రింది మెడ సన్నము. వదులైన మరను త్వరగా త్రిప్పుటకే దానిని వాడవలెను. బిగిసిన మరను తొలిసారి కదల్చుటకు గాని, తుది బిగింపునకు గాని ఎన్నడును వాడరాదు.

ఏడవది గాలి యంత్రము, విద్యుత్తు యంత్రము. వీనితో త్రిప్పుటకు నల్లని పూత గల ఇంపాక్టు సాకెట్లు వేరుగ కలవు. మెరయు పూత గల చేతి సాకెట్లను యంత్రమునకు తగిలించినచో పగిలి, ముక్కలు కంటికి తగులవచ్చును. ఇంటి పనికి చేతి పిడియే చాలును.

వాడు విధము

బండిని సమతలమున నిలిపి, చక్రములకు అడ్డు పెట్టవలెను. బండిని ఎత్తవలసినచో జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరరాదు. గట్టి స్టాండులను తప్పక నిలుపవలెను. కండ్లకు అద్దములు ధరింపవలెను.

గుంటను శుభ్రపరచి, బిట్టును అడుగు తగులువరకు దింపవలెను. అవసరమైనచో చిన్న సుత్తితో మెల్లగా తట్టవలెను. సగము లోతున నున్న బిట్టును త్రిప్పుట గుంటను చెరుపుటకు దగ్గరి దారి. త్రుప్పు పట్టినచోట చొరబడు నూనెను వేసి కొంతసేపు ఆగవలెను. రాత్రియంతయు విడిచినను నష్టము లేదు. అయితే ఆ నూనె బ్రేకు పళ్ళెము మీదను, ప్యాడుల మీదను పడరాదు. మన కోరాపుట్ కొండలలో వానలు మెండు. త్రుప్పును బలముతో గాక ఓర్పుతో గెలువవలెను.

ఒక చేతితో సాకెట్టును మరవైపు తిన్నగా అదిమిపట్టి, రెండవ చేతితో పిడిని లాగవలెను. తొలి కదలిక నిదానమైనదిగా నుండవలెను. మర రానిచో కొందరు పిడికి ఇనుప గొట్టము తగిలింతురు. పదునైదు సెంటీమీటర్ల పిడి అరువది సెంటీమీటర్లైనచో, అదే చేతి బలము నాలుగింతలు పెరిగి 120 న్యూటన్ మీటర్లగును. మర విరుగుటయో, గుంట చెడుటయో, బిట్టు పగులుటయో, మూడింటిలో ఒకటి జరుగును.

బిట్టు ఒకసారి జారినచో వెంటనే ఆగవలెను. రెండవసారి త్రిప్పుటకు ముందు బిట్టును వెలుపలికి తీసి, పరిమాణము సరియైనదా, కొన అరిగినదా, గుంటలో మట్టి మిగిలినదా యని చూడవలెను. మొదటి జారుడులో గుంట మూలలు కొంత మిగిలియుండును. ఆ దశలో మెకానిక్కు వద్దకు పోయినచో పని సులభము. పదిసార్లు జారిన పిదప పోయినచో మరను తొలిచి తీయవలసి వచ్చును.

బిగించునపుడు మొదట పిడి లేకుండ, వ్రేళ్ళతోనే మరను ఎక్కింపవలెను. వంకరగా ఎక్కిన మర వ్రేళ్ళకు వెంటనే తెలియును, పిడికి తెలియదు. తుది బిగింపును టార్కు రెంచితో, బండి పుస్తకములోని అంకె ప్రకారము చేయవలెను. ఒకసారి విప్పిన బోల్టును మరల వాడరాదని పుస్తకము చెప్పినచో ఆ మాటను పాటింపవలెను. మనకు దగ్గరనున్న సునాబెడలో 1964లో స్థాపింపబడిన హిందుస్థాన్ ఏరోనాటిక్సు విభాగమున యుద్ధవిమానముల ఇంజనులు తయారగుచున్నవి. అట్టి ఇంజనులలో మరను ఎంత బిగింపవలెనో పనివాని చేతి యందాజుకు విడువరు, అంకెకే కట్టుబడుదురు. మన బండి విమానము కాకపోవచ్చును. అందులో ప్రయాణించు ప్రాణముల విలువ మాత్రము ఒక్కటే.

ఎచ్చట ఆగవలెను

మంచి సాకెట్టు చేతికి వచ్చినంత మాత్రమున ప్రతి పనియు మన పని కాదు. మా యభిప్రాయములో తొడుగులు, మూతలు, వడపోత పెట్టెలు, నూనె మూతలు ఇంటివారు చేయదగినవి. నూనె మూత విషయములో ఒక నియమము మరువరాదు. గేరుపెట్టెకు నూనె పోయు మూతను ముందు విప్పి చూచి, అది వచ్చునని తెలిసిన పిదపనే నూనె కార్చు మూతను విప్పవలెను. లేనియెడల పాత నూనె పోయి, క్రొత్త నూనె పోయు దారి లేక బండి నిలిచిపోవును.

బ్రేకులు, స్టీరింగు, చక్రములను మోయు భాగములు నేర్చినవాని ప్రక్కన నిలిచి నేర్చుకొను వరకు ఒంటరిగా చేయదగినవి కావు. సాలూరు వైపు ఘాటు దిగునపుడు బండి బరువంతయు బ్రేకుల మీదనే యుండును. గైడు పిన్ను గుంట కొంత చెడిపోయినదని తెలిసియు, మరియొకసారి చూతమని దానినే బిగించి పోవుట తగదు. ఆ పిన్నును మార్చి గాని బండిని రహదారి ఎక్కింపరాదు. బ్రేకు ప్యాడులు మార్చిన పిదప పెడలును పలుమారులు త్రొక్కి, గట్టిపడినదని తెలిసిన తరువాతనే బండిని కదల్పవలెను. తొలి త్రొక్కుడున పెడలు ఖాళీగా దిగిపోవుట సహజము. అది రహదారి మీద గాక ఇంటి ముంగిటనే జరుగవలెను.

ఇక మెకానిక్కు వద్దకు పోవుట అవమానమని తలంపరాదు. ఏది చేయగలమో, ఏది చేయలేమో తెలిసినవాడే పనివాడు. మన పట్టికను, మన బిట్టులను వెంట తీసికొనిపోయినచో అతనికిని పని తేలికయగును, మనకును అతడు చేయుచున్నదేమో అర్థమగును.

పిల్లల చేత చేయింపదగినది

తలిదండ్రులలో కొందరు మమ్ము అడుగుచుండు ప్రశ్న యొకటి కలదు. తెలుగు మాధ్యమమున చదివిన బాలుడు రేపు ఐ.టి.ఐ.లో చేరినచో, యంత్రముల విషయము వానికి బోధపడునా? ఈ శంకను మేము తేలికగా త్రోసివేయము. ఇచ్చట బజారులో ఒడియా, దేశియా వినవలెను. పనిశాలలో హిందీ మాటలు వినవలెను. బండి పుస్తకము ఆంగ్లములో నుండును. పనిముట్టు పేరు మూడు భాషలలో మూడు విధములు. ఆ పేర్లను పిల్లవాడు ఒక నెలలో నేర్చుకొనును. కాని వదులైన బిట్టు గుంటను ఏల చెరుపునో, పొడవైన పిడి ఏల అపాయమో నేర్చుకొనుటకు కారణము తెలియవలెను. కారణము ఇంటి భాషలో తెలిసినచో ఎన్నడును మరపునకు రాదు. పైన చెప్పిన షడ్భుజి లెక్కయు, త్రిప్పుబలపు లెక్కయు మా తరగతిగదులలో తెలుగుననే చెప్పబడునవి. వానికి ఇంటి ముంగిట ప్రయోజనము కలదని చూపుట తలిదండ్రుల వంతు.

కావున ఈ సెలవులలో ఒక పని చేయింప మనవి. ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలబాలికలు తమ ఇంటి బండిలోని ఆరు మూలల మరలను లెక్కించి, నాలుగు గడుల పట్టిక వ్రాయవలెను. మొదటి గడిలో మర ఉన్న చోటు, రెండవదానిలో గుంట పరిమాణము, మూడవదానిలో పుస్తకము చెప్పిన బిగింపు బలము, నాలుగవదానిలో ఆ పని ఇంటిదో, మెకానిక్కుదో వ్రాయవలెను. కారు లేనివారు సైకిలుకో, మోటారు సైకిలుకో, ఇంటిలోని కుట్టుమిషనుకో చేయవచ్చును. కొలుచుటయే వారి పని. విప్పుట పెద్దలు దగ్గర నున్నపుడే. బాలికలను ఈ పనికి దూరముగ నుంచరాదు. కొలబద్ద ఎవరి చేతనైనను ఒకే అంకె చూపును.

ఆ పట్టికను చేతబట్టుకొని దుకాణమునకు పోయిన తండ్రి గాని, తల్లి గాని పెద్ద పెట్టె మెరుగును చూచి మోసపోరు. తమకు కావలసిన 5, 6, 8 అంకెలను పేరుపెట్టి అడుగుదురు. గుంటలో నుంచి చూచి, నచ్చినవే తెచ్చుకొందురు. నాలుగు బిట్టులను తుడిచి, కొంచెము నూనె పూసి, ఒక గుడ్డ సంచిలో నుంచినచో అవి చిరకాలము పనికి వచ్చును. నేడు పట్టిక వ్రాసిన బిడ్డయే రేపు వానిని వాడుకొనును.